సుంకం సున్నా అయితే సరుకు దిగినట్టేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల మీద మీ పత్రికలో వస్తున్న వార్తల్లో ఒక మాట పదేపదే కనిపిస్తోంది: ధాన్యం ఎగుమతులకు విదేశీ మార్కెట్లు బార్లా తెరుచుకుంటాయని. ధాన్యం ఎగుమతి కాగితాలు తయారుచేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. బార్లా తెరిచిన తలుపు ఇంతవరకూ నా కంటపడలేదు. ఓరగా తెరిచినవి మాత్రం చాలా చూశాను. ఎంత ఓరగా తెరిచారో చెప్పకుండా వార్త రాస్తే చదివినవాళ్ల లెక్క తప్పుతుందనే ఈ ఉత్తరం.

ఒప్పందాలు దండగ అని నేను అనడం లేదు. గింజల వ్యాపారంలో టన్ను మీద మిగిలేది బహు స్వల్పం. రెండు మూడు శాతం సుంకం తేడా వచ్చినా కొనేవాడు పక్క దేశం వైపు తిరుగుతాడు. జపాన్ సంగతే చూడండి. అక్కడ దిగుమతి గోధుమలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కొని, దాని మీద కొంత వేసుకుని పిండిమిల్లులకు అమ్ముతుంది. దీన్ని మార్కప్ అంటారు. పేరు వేరే గానీ చేసేది సుంకం పనే. అమెరికా 2017 జనవరిలో పసిఫిక్ దేశాల ఒప్పందం నుంచి బయటికొచ్చేసింది. మిగిలిన 11 దేశాలు దానికోసం ఆగలేదు, తమలో తాము సంతకాలు చేసుకున్నాయి. 2018 డిసెంబర్ 30న ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. కెనడా, ఆస్ట్రేలియా గోధుమల మీద మార్కప్ తొమ్మిదేళ్లలో సుమారు 45 శాతం తగ్గాలని అందులో ఉంది. అప్పటిదాకా జపాన్‌కు అందరికంటే ఎక్కువ గోధుమ అమ్ముతున్న అమెరికాకు ఆ తగ్గింపు లేదు. 2020 జనవరి 1న జపాన్‌తో విడిగా ఒప్పందం అమలయ్యేదాకా అమెరికా గోధుమ రైతు సంఘాలకు ఒకటే టెన్షన్.

కొలంబియాలోనూ ఇలాంటిదే జరిగింది. అమెరికా 2006లోనే సంతకం పెట్టింది గానీ, దానికి వాళ్ల కాంగ్రెస్ ఆమోదం దొరికేసరికి 2011 అక్టోబర్ అయింది. ఈలోగా కెనడా ఒప్పందం 2011 ఆగస్టులో అమల్లోకి వచ్చేసింది. అమెరికాది అమలయ్యింది 2012 మేలో. ఆ తొమ్మిది నెలలూ కెనడా గోధుమ సుంకం లేకుండా దిగుతుంటే, అమెరికా గోధుమ సుంకం కట్టి దిగాల్సి వచ్చింది. అంటే ఒప్పందం ఉన్నవాడికి కలిగే లాభం కన్నా, పక్కవాడికి ఉండి తనకు లేనివాడికి తగిలే దెబ్బే ఒక్కోసారి పెద్దది.

ఇంతవరకూ మీ వార్తలతో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి సంగతులతోనే.

ఒప్పందం అంటే ముందున్న పది పేజీల మంచి మాటలు కాదు. వెనకాల వందల పేజీల షెడ్యూల్ ఉంటుంది. అందులో ఏ గింజకు ఏ ఏడాది ఎంత తగ్గుతుందో, ఏది అసలు తగ్గదో వరసగా రాసి ఉంటుంది. 2012లో అమలైన కొరియా, అమెరికా ఒప్పందంలో బియ్యాన్ని పూర్తిగా బయటే ఉంచారు. కోటా, అంటే తక్కువ సుంకంతో రానిచ్చే పరిమాణం, దాటిన బియ్యం మీద కొరియా వేసే సుంకం 513 శాతం. "వ్యవసాయ ఉత్పత్తులకు రాయితీ" అని శీర్షిక చూసి సంబరపడిన బియ్యం వ్యాపారికి దాంట్లో ఒక్క గింజంత లాభం కూడా లేదు.

షెడ్యూల్‌లో పేరున్నా కోటా ఉండొచ్చు. ఐరోపా సమాఖ్య, ఉక్రెయిన్ ఒప్పందంలో గోధుమకు, మొక్కజొన్నకు సుంకం లేని కోటాలు పెట్టారు. యుద్ధం మొదలయ్యాక 2022 జూన్‌లో ఆ హద్దులు ఎత్తేశారు. ఏడాది తిరక్కుండానే, 2023 వసంతంలో, పోలండ్, హంగరీ, స్లొవేకియా తమ రైతుల ఒత్తిడికి ఉక్రెయిన్ ధాన్యాన్ని ఆపేశాయి. కాగితం మీద రాయితీ రద్దు కాలేదు. సరిహద్దులో లారీలే ఆగిపోయాయి.

ఇక కాగితాల సంగతి. ఇది నాకు బాగా తెలిసిన బాధ. సుంకం రాయితీ దానంతటది రాదు, సరుకు ఏ దేశంలో పండిందో చెప్పే మూలదేశ ధ్రువపత్రం చూపించి అడగాలి. గింజలకు ఇది తేలికే అనుకుంటారు, పండిన చోటు తెలియకపోవడం ఏముంటుందని. కానీ రెండు దేశాల గింజ ఒకే సైలోలో, అంటే గింజలు నిల్వచేసే పెద్ద గాదెలో, కలిసిందంటే చిక్కే. దారిలో మూడో దేశం రేవులో ఓడ మార్చితే, అక్కడ సరుకు కస్టమ్స్ అదుపులోనే ఉందని రుజువు అడుగుతారు. ఒకసారి మా బియ్యం అవతలి రేవుకు చేరాక చూస్తే, ఇన్వాయిస్‌లో నూకల కస్టమ్స్ కోడ్ 1006.40, ధ్రువపత్రంలో పాలిష్ బియ్యం కోడ్ 1006.30. టైప్ చేసిన చెయ్యి నాదే. వెళ్లినవి నూకలే. అయినా కస్టమ్స్ వాళ్లు రాయితీ ఇవ్వలేదు. సవరించిన పత్రం వచ్చేదాకా ఆగితే డెమరేజ్, అంటే రేవులో ఆలస్యానికి కట్టే రుసుము, పెరుగుతుందని, కొన్నవాడు పూర్తి సుంకం కట్టి కంటైనర్లు విడిపించుకుని, ఆ సొమ్ము మా బిల్లులో కోసేశాడు. ఒక్క అంకె తేడాకు ఆ కన్‌సైన్‌మెంట్ మీద మాకు నష్టమే మిగిలింది.

పురుగుమందుల అవశేషాలది ఇంకో కథ. పొట్టు మాత్రమే తీసిన కొన్ని బాస్మతి రకాల మీద ఐరోపాలో సుంకం లేదు. కానీ అగ్గితెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ మందు అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న చోట, 2018 జనవరి నుంచి 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నారు. వందో వంతు! సుంకం మాత్రం ఎప్పటిలాగే సున్నా.

తగవు వస్తే ఎవరు తీరుస్తారన్నది కూడా చూడాలి. 2015 డిసెంబర్‌లో చైనాతో ఒప్పందం అమలై ఆస్ట్రేలియా బార్లీకి సుంకం పోయింది. 2020 మేలో చైనా అదే బార్లీ మీద మరీ చవగ్గా అమ్ముతున్నారని యాంటీ డంపింగ్, సర్కారు సాయం అందుతోందని యాంటీ సబ్సిడీ సుంకాలు కలిపి 80.5 శాతం వేసింది. అవి తొలగేసరికి 2023 ఆగస్టు వచ్చింది. మూడేళ్లు! ఆ లోపు బార్లీ వాళ్లు సౌదీ అరేబియాకో, మెక్సికోకో కొత్త కొనుగోలుదారులను వెతుక్కున్నారు. జన్యుమార్పిడి మొక్కజొన్న మీద మెక్సికో 2023లో పెట్టిన ఆంక్షల విషయంలో అమెరికా మాత్రం మెక్సికోతో తమకున్న ఒప్పందంలోని తగవులు తీర్చే ప్యానెల్‌కే వెళ్లి 2024 డిసెంబర్‌లో గెలిచింది. తగవు తీర్చే అధ్యాయం గట్టిగా ఉంటే ఇలా పనికొస్తుంది. ఆ అధ్యాయం గురించి రాసిన వార్త ఒక్కటీ నేను చదివిన గుర్తు లేదు.

మీ విలేకరులకు నా మనవి చిన్నదే. ఇకమీదట ఇలాంటి ఒప్పందం వార్త వేసేటప్పుడు షెడ్యూల్ తెరిచి ఏ గింజ ఏ కోడ్ కింద ఉందో, కోటా ఎంతో, సుంకం ఏ ఏడాదికి పోతుందో, అవశేషాల పరిమితి ఏమిటో ఒక చిన్న బాక్సులో వేయండి. షెడ్యూల్ చదవడంలో ఇబ్బంది ఉంటే నాలాంటి వాళ్లను అడగండి. ఎలాగూ రోజూ అదే చదువుతుంటాం.

ఇట్లు,
ధాన్యం ఎగుమతి పత్రాల విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు