ఓటీపీతో వీలునామా: డబ్బు వాపసు, రాతపూర్వక జవాబు కోరుతూ ఫిర్యాదు

గ్రీవెన్స్ అధికారి గారికి,
ఆన్‌లైన్ వీలునామా సేవల సంస్థ.

విషయం: మా నాన్నగారి పేరున మీరు తయారుచేసిచ్చిన వీలునామా, ట్రస్టు పత్రం రెండూ చెల్లకపోవడం గురించి.

అయ్యా,

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాన్నగారికి 81 ఏళ్లు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మొన్న మార్చిలో ఆయన వీలునామాకి 6,499 రూపాయలు, మా తమ్ముడి కోసం ట్రస్టు (వాడి తరఫున ఆస్తిని ఇంకొకరు చూసుకునే ఏర్పాటు) పత్రానికి 2,999 రూపాయలు నా ఫోన్ నుంచే మీకు కట్టాను. తమ్ముడికి 38 నిండాయి. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు గానీ, పది నోటుకీ వంద నోటుకీ తేడా తెలీదు. నాన్న బెంగంతా వాడి మీదే.

మీ కుర్రాడు వీడియో కాల్‌లోకి వచ్చి, నాన్న చేత ఆధార్ ఓటీపీ చెప్పించుకుని, "అయిపోయింది సార్, సంతకం పడిపోయింది" అన్నాడు. సాక్షులెవరని నేనే అడిగాను. "మా ఆఫీసులో ఇద్దరు డిజిటల్‌గా పెట్టేస్తారు మేడమ్" అన్నాడు. ఆ ఇద్దరూ నాన్నని చూసింది లేదు, నాన్న వాళ్లని చూసింది లేదు. అయినా నమ్మాం. ఆ ప్రింటవుట్‌ని పసుపు గుడ్డలో చుట్టి ఆరు నెలలు బీరువాలో దాచుకున్నాం.

సెప్టెంబరులో నాన్నకి కుడివైపు పక్షవాతం వచ్చింది. కాగితాలన్నీ సరిగా ఉన్నాయో లేదో ఓసారి చూపిద్దామని ఊళ్లో వకీలు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రెండో పేజీ తిప్పలేదు. వీలునామాకీ ట్రస్టుకీ వర్తించదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం తన మొదటి షెడ్యూల్లోనే చెప్పుకుందట. అంటే ఓటీపీ సంతకం ఈ రెండింటికీ పనికిరాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం నాన్న సంతకమో వేలిముద్రో వెయ్యాలి. కనీసం ఇద్దరు సాక్షులు అది కళ్లారా చూడాలి, లేదా "ఇది నేను పెట్టిందే" అని ఆయనే చెప్పగా వినాలి. ఆపైన ఆయన ఎదుటే వాళ్లూ సంతకాలు పెట్టాలి. మీ సంస్థ పనే వీలునామాలు కదా, ఈ మాత్రం మీకు తెలీదనుకోను. తెలిసే అమ్మారంటే మరీ అన్యాయం.

ట్రస్టు సంగతి ఇంకా ఘోరం. ఇల్లూ భూమీ ట్రస్టులో పెట్టాలంటే 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం రిజిస్టరైన పత్రమన్నా ఉండాలి, లేదా వీలునామాలోనే ఆ మాట రాయాలి. మీ పత్రానికి రిజిస్ట్రేషన్ లేదు, వీలునామాలో ట్రస్టు ఊసే లేదు. పైగా ఇల్లు నేరుగా తమ్ముడి పేర రాసేశారు! ఇంటి పన్ను కట్టడం, అద్దె వసూలు చెయ్యడం, ఆ డబ్బుతో వాడి మందులూ తిండీ చూసుకోవడం ట్రస్టీగా నా మీద పెట్టమనే కదా మేం అడిగింది.

ఇక మీ తెలుగు. ట్రస్టు అనే మాటకి "నమ్మకం" అని రాశారు. "నా చిన్న కుమారుని ప్రయోజనం నిమిత్తం ఒక నమ్మకాన్ని సృష్టిస్తున్నాను" అని మా నాన్న చెప్పినట్టు ఉంది అందులో. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ మాది. ఒడియా పట్టా స్కాన్ చేసి పంపితే అదీ తప్పే చదివారు. ఎకరాల గడిలో సున్నా, డెసిమల్ (అంటే సెంటు) గడిలో 8 ఉంటే, మీరు ఇంటి స్థలం "8 ఎకరాలు" చేశారు. ఖాతా నంబరుని తీసుకొచ్చి సర్వే నంబరన్నారు, ప్లాటు నంబరూ మౌజా (రెవెన్యూ గ్రామం) పేరూ వదిలేశారు. భూతద్దం పెట్టుకుని చదివి నాన్న నవ్వారు: "ఏటమ్మా, రాజా గారి కోట కూడా నాకే రాసీసేరేటి?" ఆ జబ్బు మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారి, అందుకు మాత్రం మీకు థాంక్స్ చెప్పాలి.

ఏరు దాటితే పాతపట్నం. అక్కడ, శ్రీకాకుళం జిల్లాలో, మాకు ఎకరా ఇరవై సెంట్ల పల్లం ఉంది. రాష్ట్రం వేరు కాబట్టి దానికి వేరే వీలునామా కావాలని మీ కస్టమర్ కేర్ ఇంకో 3,000 అడిగింది. కట్టలేదు, బతికిపోయాను. రెండు రాష్ట్రాల ఆస్తీ ఒకే వీలునామాలో రాసుకోవచ్చు.

అక్టోబరు రెండో వారంలో ఇంట్లోనే కొత్తది రాయించాం, తెల్లకాగితం మీద. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. వకీలు గారు తెలుగులో చదివి వినిపించారు, అలా వినిపించినట్టు అందులోనే రాశారు. మార్చి నాటి కాగితాలు రద్దని కూడా రాశారు. మంచం పక్కన ఇంకు ప్యాడ్ పట్టుకుంటే నాన్న ఎడమ బొటనవేలు తనే ఒత్తారు. మొదటి ముద్ర అలుక్కుపోయింది, పక్కన ఇంకోటి వేశారు. ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు గారూ, వైద్యం చేస్తున్న డాక్టరు గారూ చూసి, ఆయన ముందే సంతకాలు చేశారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తున్నాం. కదలలేని మనిషికి సబ్‌రిజిస్ట్రార్ ఇంటికే రావచ్చు, ఆ అర్జీ పెట్టాం.

ఈ సంగతి మీకు రెండుసార్లు మెయిల్ చేశాను. మొదటిసారి "మీ ఫీడ్‌బ్యాక్ మాకు అమూల్యం" అన్నారు. రెండోసారి మీరు లాయర్ల సంస్థ కాదని, షరతుల్లో ఆ మాట ఉందని చెప్పారు. డబ్బు కట్టించుకునే పేజీలో మాత్రం "చట్టబద్ధమైన వీలునామా, పది నిమిషాల్లో" అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది.

నాకు రావాల్సిన 9,498 రూపాయలు వాపసివ్వండి. మార్చిలో మీరిచ్చిన రెండు పత్రాలూ చెల్లవని మీ లెటర్‌హెడ్ మీద రాసి పంపండి. రేపు చుట్టాల్లో ఎవరైనా ఆ కాగితం పట్టుకొచ్చి తగువు పెడితే అది మాకు కావాలి. నాన్న ఆధార్ కాపీ, పట్టా, వీడియో రికార్డింగు మీ దగ్గర్నుంచి తీసేసి, తీసేసినట్టు తెలియజేయండి. ఇలాగే ఓటీపీ చెప్పి నిశ్చింతగా ఉన్న మిగతా పెద్దవాళ్లకి ఫోన్లు చేసి నిజం చెప్పండి. వాళ్లలో కొందరికి ఇంకా చెయ్యాడుతుండొచ్చు.

15 రోజుల్లో జవాబు రాకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వెయ్యొచ్చు, మీ ఊరు రానక్కర్లేదు.

రసీదులు, రెండు పత్రాల నకళ్లు, స్క్రీన్‌షాట్, మీ రెండు మెయిళ్లు దీనికి జతచేశాను.

ఇట్లు,
(సంతకం)
పర్లాకిమిడి, గజపతి జిల్లా