ఒకే రేవు నీటికి మూడు లెక్కలు: పర్యావరణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రిగారికి, కోనసీమ శివారు ఆయకట్టు రైతు నమస్కరించి రాయునది.

వేసవిలో కాలువలకు నీరు ఆపి కట్టేశాక మా ఊరి మురుగు డ్రెయిన్‌లోకి సముద్రపు పోటు ఎదురెక్కుతుంది. పైనుంచి మంచినీరు దిగుతున్నంత కాలం ఉప్పును సముద్రంలో కలిసే మొగ వైపు నెట్టే బలం ఉంటుంది. ధవళేశ్వరంలో నీరు ఆపితే ఆ బలం పోతుంది. మా నాన్నగారు దోసిట్లోకి నీళ్లు తీసుకుని, నాలుకకు తగిలించి, ఊసేసి, చేలోకి ఇంజను పెట్టాలో వద్దో చెప్పేవారు.

ఇప్పుడు పరీక్షలకు కొదవ లేదు. డ్రెయిన్లు జలవనరుల శాఖవి, భూగర్భ జలాలకు వేరే శాఖ ఉంది, మట్టిని వ్యవసాయ శాఖ, చెరువులను మత్స్యశాఖ, నది నీటిని కాలుష్య నియంత్రణ మండలి, కోరింగ మడ అడవులను అటవీశాఖ చూస్తాయి. గోదావరి ప్రవాహాన్ని కేంద్ర జలసంఘం కొలుస్తుంది.

కిందటి వేసవిలో ఒకే రేవులో, ఒకే పూట నేను ముంచిన నీటిని మూడు చోట్ల ఇచ్చాను. ఒక కాగితంలో 2 అని, రెండో దానిలో 2000 అని, మూడో దానిలో 1300కు దగ్గరగా వచ్చింది. మొదటిది మీటరుకు డెసీసైమన్లు, రెండోది సెంటీమీటరుకు మైక్రోసైమన్లు, మూడోది లీటరులో కరిగిన లవణాల మిల్లీగ్రాములు. మొదటి రెండూ ఉప్పు వల్ల నీటిలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే కొలతలు. మూడూ ఒకటే ఉప్పు! ఎవరి లెక్కా తప్పు కాదు, కానీ నా భార్య ఆ కాగితాలు చూసి మూడు బావుల నీళ్లనుకుంది. అంతకంటే నన్ను బాధించింది, నీరు పోటులో తీశారా, సముద్రం వెనక్కి తగ్గే పాటులో తీశారా అని రాసే గడి ఏ ఫారంలోనూ లేకపోవడం. మా రేవులో ఆరేడు గంటల్లో నీటి రుచే మారిపోతుంది.

ఈ ఉప్పుకు మా కొబ్బరి ఎందుకు వడిలిందంటే ఆక్వా చెరువుల నీరని ఒకరు, డ్రెయిన్ పూడికని మరొకరు, బోర్లతో అతిగా తోడడమని ఇంకొకరు అంటారు. అందరి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు. దేని పాలు ఎంతో తేలాలంటే డ్రెయిన్, బోరు, చెరువు, చేను నాలుగింటినీ ఒకే రోజు, ఒకే పోటుకు కొలవాలి.

అందువల్ల పరిశోధనకు జిల్లాను కాక డ్రెయిన్‌నే ప్రమాణంగా తీసుకోవాలని కోరుతున్నాను. 2022లో జిల్లాలు విడిపోయినా నీరు విడిపోలేదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, పోటుపాట్ల అంచనాలిచ్చే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ శాఖలతో కలిసి కూర్చోవాలి. అన్ని కాగితాల్లోనూ ఒకే కొలమానం, ప్రతి రేవుకూ ఒకే నంబరు, జవాబు చెప్పే ఒక అధికారి ఉండాలి. అంకెలు లాకుల దగ్గర బోర్డు మీద తెలుగులో రాయించాలి.

కమిటీలు వేసి వదిలేయడం మేము చూడనిది కాదు కనుక, ముందు ఒక్క డ్రెయిన్‌తో మొదలుపెట్టించండి. ఈసారి కాలువలు కట్టేసే ముందు ఒకసారి, కట్టేశాక పదిహేను రోజులకొకసారి కొలిస్తే చాలు. నావ మేము ఇస్తాము, పోటు వేళలు మా జాలర్లు చెబుతారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక శివారు రైతు