ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక మిర్చి యార్డు గుమస్తా బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారాలు. మా ఆవిడ గుండె ఆపరేషన్ తర్వాత వారం వారం చేయించాల్సిన రక్తపరీక్ష గురించి మీకు నేను పెట్టుకుంటున్న అర్జీ ఇది మొదటిది కాదు. ఇంతకుముందు మూడు ఇచ్చాను, రశీదులు దాచిపెట్టాను. మూడోదానికి జవాబు కూడా వచ్చింది, కాదనను. గుంటూరులో ఒక ల్యాబ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాను, లోపల మా ఆవిడ చేతికి సూది గుచ్చుతున్నారు, అప్పుడు ఫోన్ మోగింది. "మీ అర్జీ పరిష్కరించబడినది." ఏం పరిష్కారమైందో కాస్త చెబితే మేమూ సంతోషించేవాళ్లం.

ప్రభుత్వ ఉచిత వైద్య పథకం సంగతి మీకు నేను చెప్పేదేముంది. సంక్రాంతి వెళ్లిన వారానికి విజయవాడలో మా ఆవిడకు గుండెలో పాడైపోయిన మైట్రల్ వాల్వు తీసేసి మెకానికల్ వాల్వు వేశారు. కార్డు మీదే. రూపాయి అడగలేదు. ఆ మేలు మరిచిపోయేవాళ్లం కాదు. "ఆపరేషన్ ఉచితంగా చేయించుకుని మళ్లీ కంప్లయింటా" అని అర్జీ తీసుకున్నాయన మొహం మీదే అన్నాడు. అందుకే ముందే చెబుతున్నా. నా గొడవ ఆపరేషన్ గురించి కాదు, ఇంటికి పంపాక మొదలైనదాని గురించి.

రొమ్ము ఎముక నిలువునా కోసి, స్టీలు తీగలతో బిగించి పంపారు. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుందట. బరువులెత్తొద్దు, చేతులు పైకి చాపి దేన్నీ లాగొద్దు, దగ్గొస్తే దిండు రొమ్ముకు అదుముకుని దగ్గమన్నారు. దగ్గొస్తే! మాది మిరప ఊరు సార్. ఆమె ఇంటికొచ్చేసరికి కల్లాల్లో కాయ ఆరబోశారు. నేను చూస్తే రోజంతా టిక్కీల, అదే మిర్చి బస్తాల మధ్య తిరిగి వచ్చేవాణ్ణి. మొదటిరోజు ఆలోచించకుండా అదే చొక్కాతో మంచం దగ్గరికెళ్లాను. ఒక్క దగ్గు, దిండు అందుకునేలోపే వచ్చేసింది. మంచం పట్టె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, "ఎముక విడిపోయిందేమో చూడు" అంది. ఏం చూడను? అప్పట్నుంచి పెరట్లోనే బట్టలు విప్పేసి, తలమీద నాలుగు చెంబులు పోసుకుని, వేరే లుంగీ కట్టుకుని లోపలికెళుతున్నా. ఇది మీమీద మోపడం లేదు. ఆ దిండు మాకెంత ముఖ్యమో తెలియాలని చెప్పా, ఎందుకంటే బస్సులోకి కూడా అదే దిండు వస్తుంది.

ఇక బస్సు సంగతి.

ఈ వాల్వు ఉన్నవాళ్లు బతికినన్నాళ్లూ రక్తం పల్చబడే మాత్ర వేసుకోవాలి. వార్ఫరిన్. ఎంత వేసుకోవాలో, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చెబుతుంది. మా ఆవిడకు ఆ అంకె 2.5, 3.5 మధ్య ఉండాలని డిశ్చార్జి కాగితం మీద రాసిచ్చారు. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, అది మెదడుకు పోతే పక్షవాతం. పెరిగితే ఎక్కడ నెత్తురు కారుతుందో తెలియదు. కొత్తలో ఆ అంకె ఒకచోట నిలవదు, కాబట్టి వారం వారం చూపించుకోమన్నారు.

ఎక్కడ చూపించుకోవాలి? మా పీహెచ్‌సీలో బీపీ చూస్తారు, సుగర్ చూస్తారు, ఇది చూడరు. ల్యాబ్ అమ్మాయిది తప్పేం లేదు. ఈ పరీక్షకు నీలం మూత గొట్టం కావాలి, "ఆ గొట్టమే మాకు రాదు బాబాయ్" అని డబ్బా తెరిచి చూపించింది. వార్ఫరిన్ మాత్రా అంతే, రాదు. ఊళ్లో మందుల షాపులో 5 మిల్లీగ్రాములది ఒక్కటే దొరుకుతుంది. ఆమెకు కావలసింది మూడున్నర. పేపరు పరిచి బ్లేడుతో కోస్తాను. సగం వరకు ఫరవాలేదు, అందులో మళ్లీ ముక్క తీయబోతే పొడైపోతుంది. ఆ పొడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంటుంది. ప్రాణం నిలబెట్టే మోతాదు సార్ అది, పేపరు మడతలో సగం ఉండిపోతుంది.

ఫాలోఅప్ ఉచితమే కదా అని మీవాళ్లు అంటారు. ఉచితమే, విజయవాడ వస్తే. తెల్లవారి అయిదున్నర బస్సుకు గుంటూరు, అక్కడ మారి విజయవాడ, రక్తమిచ్చాక రిపోర్టు కోసం, రిపోర్టు వచ్చాక డాక్టరు గారి కోసం కూర్చుని, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. నా కూలీ, ఆటోలు, నా చార్జీలు, తిండి కలిపి ఉచిత పరీక్షకు 1100 తేలింది. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి, ఇందులో పొరపాటు లేదు. అందుకని గుంటూరులోనే ప్రైవేటు ల్యాబులో 350 పెట్టి చేయించి, కాగితం ఫోటో తీసి విజయవాడకు పంపుతున్నాం.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు, సంతోషం. ఆ బస్సులో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. ఆమె పైన కడ్డీ పట్టుకోకూడదు, చేయి ఎత్తకూడదు. ఒక చేత్తో దిండు, రెండో చెయ్యి నా మోచేతిలో. బ్రేకు పడ్డప్పుడల్లా ఇద్దరం కలిసి ఊగుతాం. సీటిచ్చే మహాతల్లులు ఉన్నారు, లేరనను. కానీ ప్రతి శుక్రవారం నిండు బస్సులో పైట కాస్త జరిపి కోత చూపించి సీటు అడుక్కోవాలా?

అంకెలు ఒక పుస్తకంలో రాస్తున్నా, యార్డులో టిక్కీల చిట్టా రాసినట్టే. ఫిబ్రవరి 6న 1.6. పదమూడున 2.1. ఇరవైన 2.9, ఆ రోజు ఇంట్లో పాయసం. ఇరవై ఏడున ఖాళీ. యార్డుకు సరుకు పోటెత్తింది, సెలవు ఇవ్వలేదు, ఆమె ఒక్కతే వెళ్లలేదు. మార్చి 6న 5.8.

ఆ మధ్యలో ఆమెకు విరేచనాలయితే పీహెచ్‌సీలో మెట్రోనిడజోల్ ఇచ్చారు. వార్ఫరిన్ వాడేవాళ్లు అది వేసుకుంటే అంకె ఎగబాకుతుందట, విజయవాడ డాక్టరు గారు ఫోన్లో చెబితే తెలిసింది. మందు ఇచ్చేటప్పుడు గుండె ఆపరేషన్ అయిందా అని అడిగినవాళ్లు లేరు. పళ్లు తోముకుని ఉమ్మితే ఎర్రగా పడింది, మోచేతి దగ్గర నేరేడుపండంత నల్లమచ్చ. రెండు రోజులు మాత్ర ఆపి, మూడో రోజు మళ్లీ పరీక్ష. మళ్లీ బస్సు. (ఆశా అమ్మాయి మాత్రం రక్తం పడుతుందని తోటకూర, మునగాకు బాగా తినమంటోంది. ఆకుకూర తిన్న కొద్దీ ఈ మాత్ర పని తగ్గుతుంది, మానక్కర్లేదు గాని ఎప్పుడూ ఒకే కొలతలో తినాలి. ఆ ముక్క ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? గోంగూర కొలిచి తినే ఇల్లు గుంటూరు జిల్లాలో మాదొక్కటేనేమో.)

రాత్రిపూట ఆ వాల్వు చప్పుడు నాకూ వినిపిస్తుంది. టిక్, టిక్. మొదట్లో దానివల్ల ఆమెకు నిద్రపట్టేది కాదు, ఇప్పుడు నాకు పట్టడం లేదు. ఆ చప్పుడు మందగిస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. పరీక్ష తప్పిన వారమంతా చెవి అటే పెట్టి పడుకున్నా.

ఇంకొకటి. కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 దాకా ఇస్తామని 2019 డిసెంబరులో మా గుంటూరులోనే మొదలుపెట్టారు. అప్పుడు వేరే ప్రభుత్వం, నిజమే. ఆ డబ్బు ఇప్పుడుందా అని అడిగితే ఒకరు ఉందంటారు, ఒకరు పేరు మారిందంటారు, ఒకరు నవ్వుతారు. మిరపకాయ తొడిమలు తీసే కూలి మీద ఆమె తెచ్చేది ఆగిపోయి పదకొండు వారాలైంది.

నేనడిగేది పెద్దాసుపత్రి కాదు సార్. వేలిచుక్కతో ఐఎన్ఆర్ చెప్పే చిన్న మిషన్లు ఉన్నాయి, సుగర్ మిషన్ లాంటివే. మా ఊరికి 104 బండి వస్తుంది. అందులో ఒకటి పెట్టించండి. లేదంటే నీలం మూత గొట్టాలన్నా పంపండి, ఇక్కడ తీసి గుంటూరు పంపుకుంటారు. అదీ కాదంటే 1 మిల్లీగ్రాము మాత్రలన్నా పీహెచ్‌సీకి ఇవ్వండి, ఆ పొడి బాధన్నా తప్పుతుంది. ఏదో ఒకటి చేయండి. ఏదో ఒకటి.

ఏదీ కుదరదంటే అదే రాసి పంపండి. పరిష్కరించబడినది అని మాత్రం ఇంకోసారి పంపొద్దు, మీకు పుణ్యముంటుంది.

రేపు శుక్రవారం. దిండు గలీబు ఉతికి దండెం మీద ఆరేశాను, తెల్లవారి అయిదున్నరకల్లా ఆరాలి.

ఇట్లు,
ఒక యార్డు గుమస్తా,
గుంటూరు జిల్లా