సీక్వెన్సింగ్ యంత్రానికి ముందు మాయ ముక్క కావాలి

సంపాదకులకు,

పశువుల నుంచి మనుషులకు సోకే బాక్టీరియా జన్యుక్రమాన్ని ఇకపై మన దగ్గరే తేలుస్తామంటూ సీక్వెన్సింగ్ యంత్రాల మీద తరచూ వార్తలు వస్తున్నాయి. సంతోషమే. అయితే ఆ యంత్రంలోకి ఎక్కించాల్సిన సరుకు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఎవరూ అడగడం లేదు. పశువు ఈసుకుపోయేలా, అంటే నెలలు నిండకుండానే గర్భం పోయేలా చేసే, మనుషులకూ సోకే రోగం బ్రూసెల్లోసిస్. పాడి రైతులు ఈసుడు రోగమనే దీన్ని తీసుకుని ఈ సంగతి చెబుతాం.

ఈ రోగాన్ని మనం ఎక్కువగా పట్టేది రోజ్ బెంగాల్ పరీక్షతో. 30 మైక్రోలీటర్ల సీరంలో (రక్తం గడ్డకట్టాక తేరే ద్రవం) అంతే యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లాతో చేసిన రంగు ద్రవం) కలిపి 4 నిమిషాలు ఆడిస్తే గుంపులు కట్టిందో లేదో కంటికే కనిపిస్తుంది. చవకైనది, పనికొచ్చేది. కానీ అది చూపేది రోగాన్ని ఎదుర్కొనేందుకు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీని, బాక్టీరియాను కాదు. పాజిటివ్ సీరం ఎన్ని వందలున్నా వాటిలోంచి ఒక్క జన్యుక్రమం కూడా రాదు. వచ్చింది ఆవులు గేదెల్లో ఉండే బ్రూసెల్లా అబార్టసా, గొర్రెలు మేకల్లో ఉండే బ్రూసెల్లా మెలిటెన్సిసా అన్నదీ తేలదు. మన రాష్ట్రాల్లో ఇది చిన్న ప్రశ్న కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. మనిషిని ఎక్కువగా పీడించేది మెలిటెన్సిస్. అదే ఏడాది మొదలైన జాతీయ కార్యక్రమంలో ఎస్-19 అనే బ్రూసెల్లోసిస్ టీకా వేస్తున్నది 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యలకు. గొర్రెలకు, మేకలకు అందులో ఈ రోగం టీకా లేదు. ఒకే దొడ్లో గేదెలూ గొర్రెలూ కట్టేసిన చోట గేదె ఈసుకుపోతే జబ్బు ఎటు నుంచి వచ్చిందో చెప్పగలిగేది బాక్టీరియానే.

ఆ బాక్టీరియా దొరికేది పిండంతోపాటు బయటపడే మాయలో, ఈసుకుపోయిన పిండంలో. అన్నిటికన్నా శుభ్రమైన నమూనా పిండం జీర్ణాశయంలోని ద్రవం. జీర్ణాశయం పైపొరను వేడి గరిటెతో కాల్చి, స్టెరైల్ సిరంజితో లాగితే పేడలోని బాక్టీరియా అంటదు. దాంతోపాటు ఊపిరితిత్తి, ప్లీహం, మాయ మీది గుండీల్లాంటి భాగం నుంచి ఒక ముక్క. చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు లేకుండా వీటిని ముట్టకూడదు. నమూనాను మూడు పొరల ప్యాకింగులో ఐస్ ప్యాకుల మధ్య పెట్టి, మర్నాటికల్లా ప్రయోగశాలకు చేర్చాలి. జరుగుతున్నదేమిటంటే, మాయను కుక్కలు లాక్కుపోతాయి, లేకపోతే రైతు కాలువలో పారేస్తాడు. అదృష్టం బాగుండి నమూనా తీసినా ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. ఫార్మలిన్‌లో బాక్టీరియా చస్తుంది, డీఎన్ఏ ముక్కలవుతుంది. ఇక ఆ సీసా కణజాల పరీక్షకు తప్ప దేనికీ పనికిరాదు.

ఆసుపత్రుల వైపు తప్పు వేరు. వారాల తరబడి జ్వరం, నడుం నొప్పితో వచ్చిన మనిషికి ముందు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, తగ్గకపోతే అప్పుడు బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని బాక్టీరియాను సీసాలో పెంచి చూసే పరీక్షకు పంపుతారు. మందు పడ్డాక బాక్టీరియా దొరకడం కష్టం. కొన్ని ల్యాబులు 5 రోజులకే సీసా తీసేసి ‘పెరుగుదల లేదు’ అని రాసేస్తాయి. బ్రూసెల్లా నింపాదిగా పెరిగే రకం. అనుమానం ఉందని చీటీ మీద రాస్తే సీసాను ఎక్కువ రోజులు ఉంచుతారు, ల్యాబు సిబ్బందీ జాగ్రత్తపడతారు. ఆ జాగ్రత్త ఉత్తుత్తిది కాదు. 2019లో చైనాలోని లాంజౌలో పశువుల బ్రూసెల్లా టీకా చేసే కర్మాగారం నుంచి బాక్టీరియా గాలిలోకి వెలువడి 10,000 మందికి పైగా పాజిటివ్ అయ్యారు. అందుకే కల్చర్ పని, బాక్టీరియా గాలిలోకి పోకుండా కట్టిన బయోసేఫ్టీ లెవల్-3 గదిలోనే జరగాలి. తీసిన డీఎన్ఏను ఆ గది బయటికి తెచ్చే ముందు కొంత మళ్లీ కల్చర్ ప్లేటు మీద వేసి, ఏమీ మొలవలేదని, అంటే బతికున్న బాక్టీరియా మిగల్లేదని చూసుకోవాలి.

తరవాతి పని సులువే, మెలకువ ఉంటే. ఈ బాక్టీరియా మొత్తం జన్యుక్రమం సుమారు 33 లక్షల అక్షరాలు (డీఎన్ఏలోని ఎ, టి, జి, సి), రెండు క్రోమోజోములుగా ఉంటుంది. ప్రతి అక్షరాన్ని సగటున 100 సార్లు చదవాలంటే 33 కోట్ల అక్షరాల డేటా చాలు. ఒక్క కాలనీ (ప్లేటు మీద ఒకే బాక్టీరియా నుంచి పెరిగిన గుంపు) నుంచి పెంచిన కల్చర్ నుంచే డీఎన్ఏ తీయాలి. డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే నానోడ్రాప్ పరికరం చూపే అంకెను నమ్మితే మోసపోతాం, అది ఆర్ఎన్ఏను కూడా లెక్కలో కలిపేస్తుంది. డీఎన్ఏను మాత్రమే లెక్కించే క్యూబిట్ పరికరంతో కొలవాలి. యంత్రం చదివిన ముక్కలన్నీ కూర్చాక మొత్తం 33 లక్షలకు బదులు 50 లక్షలు తేలితే అందులో ఇంకో బాక్టీరియా కలిసిందని అర్థం. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో కడిగే కన్నా కల్చర్‌ను మళ్లీ మొదలుపెట్టడం మేలు.

అన్నిటికీ జన్యుక్రమం అక్కర్లేదు కూడా. ఎస్-19 టీకా బతికున్న బాక్టీరియా. టీకా వేస్తూ సూది గుచ్చుకున్న సిబ్బందికి జ్వరమొస్తే, పట్టుకున్నది టీకా బాక్టీరియానా, ఊళ్లో తిరిగేదా? ఎరిథ్రిటాల్ అనే చక్కెరను వాడుకునే జన్యువుల చోట ఎస్-19లో 702 అక్షరాలు లేవు. కల్చర్ దొరికితే మామూలు పీసీఆర్ ఆ లోటును పూటలో చూపిస్తుంది.

జన్యుక్రమం కావలసింది ఏ మంద నుంచి ఏ ఇంటికి వచ్చిందో తేల్చడానికి. బ్రూసెల్లాలు ఒకదానికొకటి బాగా దగ్గర పోలిక. తేడా కొద్ది అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి, చదవడంలో జరిగిన పొరపాటు కూడా తేడాగా కనబడుతుంది. ఒకే అక్షరం వరసగా వచ్చేచోట నానోపోర్ రకం సీక్వెన్సింగ్ యంత్రం తడబడటం తెలిసిందే. పోల్చే నమూనాలన్నిటికీ ఒకే రెఫరెన్స్ (పోలికకు ఆధారంగా పెట్టుకునే జన్యుక్రమం), ఒకే పద్ధతి వాడకపోతే లేని తేడా పుడుతుంది. తేడా లేదని తేలినా, గొర్రె నుంచి మనిషికి వచ్చిందా, రెంటికీ మూడో మంద మూలమా అన్నది ఆ అక్షరాలు చెప్పవు. తేదీ, ఊరు, పశువు జాతి, కొని తెచ్చిన సంత, టీకా వేసిన వివరం ఉంటేనే అది తేలుతుంది.

మా విన్నపం ఖర్చులేనిది. పశువు నమూనా చీటీ మీద 12 అంకెల చెవి పోగు నంబరు రాయండి, గొర్రెలైతే మంద, ఊరు రాయండి. ఆసుపత్రి కేస్‌షీటులో ఒక గడి పెట్టండి: గత ఏడాదిలో మీ ఇంటిలోగాని మందలోగాని పశువు ఈసుకుపోయిందా? జవాబు అవునైతే ఆ కాగితం నకలు మండల పశువైద్యశాలకు వెళ్లాలి.

– పశువైద్య, ప్రజారోగ్య సూక్ష్మజీవశాస్త్ర రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు