పోయిన ఎండాకాలం అమ్మిన రీళ్లు, ఈసారి దుకాణంలో ఏముంది

చెర్వుగట్టు జాతర అయిపోయింది, శివరాత్రి కూడా దాటింది. నల్లగొండలో పొద్దున పదింటికే గోడలు కాలుతున్నాయి. ఏటా ఈ రోజుల్లోనే మా దుకాణంలో పైపుల గిరాకీ మొదలవుతుంది. ఈసారి అమ్మకం కంటే ముందు మీకు ఒక మాట చెప్పాలి. పోయిన ఎండాకాలం నా దగ్గర ఆకుపచ్చ ప్లాస్టిక్ రీలు, అంటే గోడకు బిగించి పైపు చుట్టుకునే చక్రం, తీసుకున్న అన్నలు, అక్కలు, సార్లు చాలామందికి అది ఒక్క సీజను కూడా నిలబడలేదు. ఆ రకం తేవడం ఆపేశాను. పగిలినది తీసుకొస్తే మీరు కట్టిన డబ్బు మొత్తం లెక్కలోకి తీసుకుని వేరేది ఇస్తాను. బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఆ రీలు చూస్తే నాకు తెలుస్తుంది.

పానగల్లు వైపు ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒకరు మే నెలలో రీలు ఆటోలో వేసుకుని వచ్చారు. ఇంటి ముందు రెండు బత్తాయి మొక్కలు, ఒక మల్లె పందిరి, కరివేపాకు చెట్టు పెంచుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులతో పైపు ఈడ్చలేకనే రీలు కొన్నారు. "నువ్వు మంచిదంటేనే కద బిడ్డా తీస్కపోయిన" అన్నారు, అంతే. కోప్పడలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే నేను మంచిదని చెప్పింది డబ్బా మీద బొమ్మ చూసి, ఫిబ్రవరి చలిలో దుకాణం ముందు ఒకసారి నీళ్లు పట్టి చూసి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఎండకు ప్లాస్టిక్ ఏమవుతుందో నేను ముందే ఆలోచించాల్సింది.

వెనక్కి వచ్చిన రీళ్లన్నీ కౌంటర్ మీద పెట్టి ఒక్కొక్కటే విప్పి చూశాను. అన్నీ దాదాపు ఒకేచోట పోయాయి. నల్లా నుంచి వచ్చే నీళ్లు కదలకుండా ఉండే మూతిలోంచి, తిరిగే చక్రంలోకి పోవాలి. ఆ రెండూ కలిసే చోట ఒక కీలు ఉంటుంది, లోపల 'ఓ రింగు' అనే గుండ్రటి రబ్బరు చుట్టు. చక్రం తిరుగుతుంటే నీళ్లు బయటికి రాకుండా ఆపేది అదే. రీలు మొత్తంలో నిజంగా పని చేసే భాగం ఆ బొటనవేలంత కీలు. మిగతాదంతా పైపును మోసే చక్రం, హ్యాండిల్, గోడ బ్రాకెట్. నేను అమ్మిన వాటిలో ఆ కీలు పల్చటి ప్లాస్టిక్ ఎల్బో, అంటే మోచేయిలా వంగిన ముక్క, నొక్కి పెట్టింది, మర కూడా లేదు. కొన్నింటికి ఎల్బో పగిలింది, కొన్నింటికి ఓ రింగు అరిగి బొట్లు బొట్లుగా కారడం మొదలై, చివరికి ఊడి వచ్చింది.

అందుకే ఇకమీద నేను తెచ్చేవాటికి నీళ్లు వచ్చే మూతి, తిరిగే కీలు రెండూ ఇత్తడివే. ధర పాతదానికి రెట్టింపు పైనే పడుతుంది, దాచేదేమీ లేదు. ఇత్తడి అని చెప్పి పైన పసుపు పూత పూసిన జింకు మిశ్రమం కూడా మార్కెట్లో చాలా వస్తోంది. అయస్కాంతం పెట్టి చూస్తే తేడా తెలియదు, ఎందుకంటే రెంటికీ అది అంటదు. వెనకవైపు కనబడని చోట ఆకురాయితో ఒక గీత గీయాలి. లోపల కూడా పసుపుగా ఉంటే ఇత్తడి, తెల్లగా బూడిదరంగులో ఉంటే జింకు. మా దుకాణంలో ఆకురాయి కౌంటర్ మీదే పెట్టాను, అడిగితే నేనే గీసి చూపిస్తాను.

ఇంకో సంగతి, పగిలిన వాటిలో తప్పంతా రీలుదే కాదు. సగం మంది దాన్ని బోరు మోటారు లైనుకు నేరుగా తగిలించారు. గన్ను, అంటే పైపు చివర నొక్కితే నీళ్లు చిమ్మే పిడి, వదిలేస్తే నీళ్లు ఆగిపోతాయి, మోటారు మాత్రం తోస్తూనే ఉంటుంది. లోతు బోరు కోసం కట్టిన సబ్‌మెర్సిబుల్ మోటారు తోపుడంతా అప్పుడు పైపు మీద, ఆ కీలు మీద పడుతుంది. మోటారుకు కూడా మంచిది కాదు. కొనేటప్పుడు మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని నేను ఒక్కరినీ అడగలేదు. అడగాల్సింది. బోరు లైను మీదే పట్టుకుంటామంటే గన్ను వద్దు, చివర తెరిచి ఉండే మామూలు షవర్ మూతి చాలు. లేదంటే నీళ్లు ట్యాంకికి ఎక్కించి అక్కడి నుంచి పట్టుకోండి.

ట్యాంకి నుంచి పట్టుకునేవాళ్ల ఇబ్బంది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద నల్లా దగ్గర దాదాపు 1 కేజీ ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ తోపుడు, వస్తుంది. ఒక్క అంతస్తు ఇంటి స్లాబు మీద ట్యాంకి అంటే నాలుగైదు మీటర్లు, అంటే అర కేజీ కూడా సరిగా రాదు. దానికి తోడు హాఫ్ ఇంచు పైపు 30 మీటర్లు, సన్న రంధ్రం ఉన్న కీలు, ఆ చివర గన్ను పెడితే పిచికారీ కాదు, ధార కూడా సరిగా పడదు. "గన్ను ఖరాబైంది అన్నా" అని తెచ్చినవాళ్లలో కొందరి గన్ను బాగానే ఉంది, ఒత్తిడే లేదు. ఇలాంటి ఇళ్లకు త్రీఫోర్త్ ఇంచు పైపు, అది కూడా అవసరమైనంత పొడవే తీసుకోవాలి. వాకిలి 12 మీటర్లుంటే 15 మీటర్ల పైపు చాలు, 30 ఎందుకు? ఇంటి దగ్గర ఒక పని చేసి రండి: బకెట్ నల్లా కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి, ఉన్న పైపు తగిలించి మళ్లీ చూడండి. ఆ రెండు అంకెలు చెబితే నేను సరైన సైజు చెప్పగలను.

నల్లా మూతి కొలత దగ్గర కూడా రోజూ గొడవే. హాఫ్ ఇంచు నల్లా అంటారు, స్కేలు పెట్టి కొలిస్తే మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. అంగుళంలో సగం 13 మిల్లీమీటర్లు కూడా లేదు కదా, అందుకే చాలామంది త్రీఫోర్త్ అనుకుని పట్టుకుపోతారు. 21 వస్తే హాఫ్ ఇంచు, 26 దాటితే త్రీఫోర్త్, 33 వస్తే ఇంచు. ఇంతే గుర్తుంచుకోండి, లేదా స్కేలు పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసుకుని రండి. ఆన్‌లైన్లో తెప్పించిన కొన్ని కనెక్టర్లు అమెరికా కొలతవి. మన త్రీఫోర్త్‌కు అంగుళానికి 14 మరలుంటే వాటికి 11న్నర. రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి బిగుసుకుంటుంది, టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కారుతుంది. బలవంతంగా తిప్పితే నల్లా మర పోతుంది. అలాంటిది ఇప్పటికే మీ దగ్గర ఉంటే తీసుకురండి, చూసి చెబుతాను, దానికి డబ్బులేం వద్దు.

పైపు విషయానికొస్తే, లోపల దారం అల్లిక ఉన్నదే నేను పెడుతున్నాను. ఒంటి పొర పైపు చవకే గానీ ఎండకు మెత్తబడి మలుపు దగ్గర మడత పడుతుంది, ఆ మడతే తర్వాత చీలుతుంది. నీళ్లు కనబడే పారదర్శకం పైపు అడిగేవాళ్లు ఎక్కువ. నేను వద్దంటాను. వెలుగు లోపలికి పోతే నాచు పడుతుంది, నాచు పొరలుగా ఊడి వచ్చి గన్ను మూతిలో ఇరుక్కుంటుంది.

మన నీళ్ల సంగతి కూడా చెప్పాలి. గన్ను రంధ్రాల్లో తెల్లగా గట్టిపడే పొరను చూసి "ఫ్లోరైడు" అంటారు చాలామంది. నల్లగొండ వాళ్లం కాబట్టి ఆ పేరే ముందు నోటికి వస్తుంది. కానీ ఆ పొర చాలావరకు సున్నం, బోరు నీళ్ల కఠినత్వం వల్ల పేరుకునేది. సున్నం కాబట్టి పులుపుకు కరుగుతుంది. నిమ్మకాయలకు మనకు కొదవ లేదు, నకిరేకల్ పక్కనే ఉంది. రెండు కాయల రసం కొంచెం గోరువెచ్చటి నీళ్లలో కలిపి గన్ను మూతి, జాలీ, అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో తోమండి. పిన్నీసు పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదై ధార వంకర పోతుంది. కీలులో ఓ రింగుకు ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. బండికి వాడే గ్రీజు, నూనె వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. ఓ రింగులు, వాషర్లు నేను విడిగా డబ్బాలో పెట్టాను. రీలు కొన్నవాళ్లకు రెండేసి ఊరికే ఇస్తున్నాను.

ఎండ గురించి ఒక్క మాట. రీలు దక్షిణం గోడకో పడమటి గోడకో బిగించేస్తున్నారు, నల్లా అటే ఉందని. వీలైతే నీడ పడే గోడ చూసుకోండి, లేదంటే పైన చిన్న రేకు ముక్క వేయండి. ప్లాస్టిక్ మీద గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతోందంటే దాని పని అయిపోవస్తోంది. ఎండలో ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు మరిగినట్టుంటాయి. అవి మొక్కల మొదట్లో పోయకుండా వాకిట్లో వదిలేసి చల్లబడ్డాక పట్టండి, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

నిజం చెప్పాలంటే మీలో కొందరికి రీలే అక్కర్లేదు. మేడ మీద 20 కుండీలున్నవాళ్లకు రీలు, గన్ను కంటే 16 ఎంఎం డ్రిప్పు పైపు, గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు బాగా పనికొస్తాయి. ముందు చిన్న ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే మన నీళ్లకు డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అలాంటివాళ్లకు రీలు అమ్మను, డ్రిప్పు సామాను ఇచ్చి ఎలా పెట్టుకోవాలో కాగితం మీద గీసి ఇస్తాను. రెండు కుండీలు, ఒక తులసి కోట ఉన్నవాళ్లకు చెంబు చాలు.

పాత రీళ్లు నాకిచ్చిన హోల్‌సేల్ వ్యాపారి వాటిని వెనక్కి తీసుకోలేదు. ఆ నష్టం మీ మీద వేయను, కొత్త వాటి ధరలో కలపలేదు. టీచరమ్మకు కొత్తది నేనే వెళ్లి బిగించి వచ్చాను. ప్లాస్టరింగ్ గట్టిగా లేకపోతే స్క్రూలు ఊడి వస్తాయని అక్కడే తెలిసింది. అందుకే ఇప్పుడు బ్రాకెట్‌తో పాటు పొడవాటి యాంకర్ బోల్టులు ఇస్తున్నాను. త్రీఫోర్త్ పైపు 30 మీటర్లలో నీళ్లే ఎనిమిదిన్నర లీటర్లు పడతాయి, పైపు బరువు, రీలు బరువు వేరే. అదంతా నాలుగు బోల్టుల మీద వేలాడుతుంది.

మార్పిడి ఈ నెలాఖరు వరకే అని గడువేమీ పెట్టలేదు, ఉగాది తర్వాత వచ్చినా ఇస్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటాను. రీలు తెచ్చేవాళ్లు పైపు విప్పి నీళ్లన్నీ మొక్కల్లోకి వంచేసి తెండి, బండి మీద తేలిగ్గా వస్తుంది. నల్లా మూతి ఫొటో మాత్రం మర్చిపోవద్దు.