పసిపిల్లల ముక్కు చుక్కలు మా దుకాణంలో ఎందుకు లేవంటే

ఏళ్ల తరబడి మా మందుల దుకాణాన్ని నమ్మి వస్తున్న మీకు,

పసిపిల్లలకు జలుబు చేసిందని సెలైన్ (ఉప్పునీటి) ముక్కు చుక్కలు అడిగిన వారికి రెండు వారాలుగా "లేవండి" అని మాత్రమే చెప్పి పంపుతున్నాను. పంపిణీదారు నుంచి సమాధానం వచ్చాక అంతా చెబుదామని ఆగాను. అది రాలేదు.

సెలైన్ చుక్కలని బిల్లులో రాసి వచ్చిన పెట్టెలోని సీసాలను అరలో సర్దుతూ, ఒకదాని మీది సన్నటి అక్షరాలు చదివి ఆగిపోయాను. ఎప్పుడూ వచ్చే తెల్ల సీసా, నీలం మూతే. లోపల ఉన్నది మాత్రం ఉప్పునీరు కాదు, పెద్దల ముక్కు దిబ్బడకు వాడే ఆక్సీమెటాజొలిన్. ముక్కులోని రక్తనాళాలను కుంచింపజేసే ఆ మందు పసికందు ఒంట్లో చేరితే మగత కమ్మవచ్చు, ఊపిరీ గుండె వేగమూ మందగించవచ్చు. ముందురోజు సాయంత్రమే అందులోంచి రెండు సీసాలు అమ్ముడయ్యాయి. ఆ రెండు ఇళ్లకూ నేనే వెళ్లాను. ఒక ఇంట్లో సీలు కూడా తీయలేదు. రెండో ఇంట్లో మూత తీసి, బిడ్డ నిద్ర లేవగానే వేద్దామని ఉయ్యాల పక్కనే పెట్టుకున్నారు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు; అసలైన సెలైన్ చుక్కలు ఉన్నాయా అని మాత్రం అడిగారు. నా దగ్గర లేవు.

ఫోన్ చేస్తే పంపిణీదారు, "రెండూ ముక్కులో వేసేవే కదా, వాపసు పంపండి, వచ్చే బిల్లులో తగ్గిస్తాం" అన్నారు. నేను అడిగింది డబ్బు కాదు, ఆ పెట్టెలు ఇంకెవరికి వెళ్లాయని. రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. పేరు చదవకుండా సరుకు దింపుకొని సంతకం పెట్టిన తప్పు నాది, దానికి మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను. అయినా, మా సరుకులో సగం ఆయన దగ్గరి నుంచే వస్తుందని తెలిసి, నాలుగు రాత్రులు ఆలోచించి, ఆ ఖాతా మూసేశాను. ఆయన ఇప్పుడు వచ్చి బతిమాలినా తెరవను.

చుక్కలు లేకపోతే జలుబు సిరప్ ఇమ్మని కొందరు అడిగారు, ఇవ్వనందుకు ఒకరు కోపగించుకొని వెళ్లిపోయారు. ఆ కోపాన్ని భరిస్తాను గాని సిరప్ ఇవ్వను. పిల్లల జలుబుకు కారణం వైరస్‌లు, అవి 200కు పైగా ఉన్నాయి. సిరప్ గాని యాంటీబయాటిక్ గాని వాటిని చంపలేదు. రెండేళ్లలోపు పిల్లలకు ఇలాంటి దగ్గు, జలుబు సిరప్‌లు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది. ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం పసితనంలో మామూలే. చీమిడి పచ్చబడినంత మాత్రాన రోగం ముదిరినట్టు కాదు, చాలావరకు పది రోజుల్లో తగ్గుతుంది.

బిడ్డను నిజంగా బాధపెట్టేది ముక్కు దిబ్బడ. తొలి నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు కాబట్టి, పాలు పట్టగానే ఊపిరాడక రొమ్ము వదిలేసి ఏడుస్తారు. పాలకు పావుగంట ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు మూడు సెలైన్ చుక్కలు వేసి, చీమిడి పీల్చే రబ్బరు బల్బును ముందు బయటే నొక్కి, కొనను రంధ్రం అంచున ఆనించి మెల్లగా వదిలితే చీమిడి వచ్చేస్తుంది. చుక్కలు దొరికేవరకు మెత్తటి తడిగుడ్డతో తుడుస్తూ, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. ఏడాదిలోపు తేనె, రెండేళ్లలోపు కర్పూరం ఉన్న లేపనం, వేడినీటి ఆవిరి వద్దు.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించి జ్వరం ఉన్నా, ఏ వయసు బిడ్డయినా డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, మూత్రం తగ్గినా, పెదవులు నీలిబడినా మా దుకాణానికి రాకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే వారం మరొక పంపిణీదారు నుంచి చుక్కలు వస్తాయి. ప్రతి సీసా మీద మందు పేరుగా సోడియం క్లోరైడ్, అంటే ఉప్పు, ఒక్కటే ఉందని నేను చదివాకే అరలో పెడతాను, మీరూ చదివాకే డబ్బు ఇవ్వండి. మా దగ్గర కొన్న ముక్కు చుక్కల సీసా ఏదైనా మీ ఇంట్లో ఉంటే, దాని మీద ఇంకే మందు పేరు కనిపించినా, వాడకుండా తీసుకురండి.