మేత లెక్కల యాప్ కొత్త వెర్షన్ ఎందుకు ఆలస్యమైంది, అందులో ఏం మారింది

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు మా యాప్ వాడుతున్న రొయ్యల రైతులకు,

సంక్రాంతికి ఇస్తామన్న వెర్షన్ ఈ వారం వస్తోంది. పాతదాన్ని డబ్బు కట్టే రైతుల చేతికిచ్చి పరీక్షించాం. గట్టుమీద మేత చల్లి, మేత మిగిలిందో లేదో తెలిపే చెక్‌ట్రేని నీళ్లలోంచి లేపి చూసి లెక్క ఎక్కించేది మాత్రం కాపలా మనిషి. అతన్ని అడక్కపోవడం మా తప్పే.

ఈసారి కోడ్ జోలికి పోకముందే ఏ4 కాగితాలు ఫోనంత కత్తిరించి, స్కెచ్ పెన్నుతో స్క్రీన్లు గీశాం. ఆ కాగితాలు వాడేవాళ్ల చేతికిచ్చి, "మూడో గుంటలో పొద్దుటి మేత 18 కిలోలు, ఎక్కించండి" అని చెప్పి ఊరుకోవాలి. ఇక్కడ నొక్కు అన్నామంటే పరీక్ష చెడినట్టే. విడతకి ఐదుగురు చాలు, కాకపోతే ఐదుగురూ ఒకే రకం కాకూడదు: చదువురానివాళ్లు, చత్వారం వచ్చినవాళ్లు, ఎరుపు-పచ్చ తేడా తెలియనివాళ్లు, తెరమీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో విని వాడేవాళ్లు ఉండాలి. కాగితంతో ఇంకో లాభం, జనం మొహమాటపడరు. మెరిసే స్క్రీన్ చూపిస్తే "బాగుంది సార్" అనేస్తారు.

మొదటి స్క్రీన్‌లోనే 'చెరువు' అనే మాట ఎగిరిపోయింది. మనవైపు చెరువంటే వరికి నీళ్లిచ్చేది, రొయ్యలుండేది గుంట. ట్రేలో మేత మిగిలిందో లేదో చెప్పే ఎరుపు, పచ్చ చుక్కల బదులు ఖాళీ, సగం, నిండు ట్రే బొమ్మలు పెట్టాం.

తడిచేతుల సంగతి కాగితం మీద తెలియదు, గట్టుమీదే తెలుస్తుంది. ఉప్పునీటి బొట్టుని కూడా స్క్రీన్ వేలే అనుకుంటుంది, 18 కొడితే 188 పడుతుంది. బటన్లు పెద్దవి చేసి దూరం జరిపాం. కిందటి పూట మేతకి రెట్టింపు దాటితే అంకె పైకి చదివి, అవునా అని అడుగుతుంది.

అక్షరం సైజు పెంచితే 'పట్టుబడి' (రొయ్యలు పట్టడం) బటన్‌లో టవత్తు తెగి 'పటుబడి' అయ్యేది. ఇంగ్లీషు అక్షరాల కొలతకి బటన్ ఎత్తు బిగించేయడమే కారణం. ఇప్పుడు అక్షరంతోపాటు బటనూ పెరుగుతుంది. నల్ల థీమ్ తీసేశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో అది కనపడదు, పైగా చవక ఫోన్ల ఎల్‌సీడీ తెరలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది గనక బ్యాటరీ మిగిలేదీ లేదు. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా 4.5:1 ఉంటే చాలని, అందరూ చదవగలిగేందుకు పెట్టిన WCAG ప్రమాణం, మేం 7:1 పెట్టాం.

ట్రే ఫొటోని యాప్ ఫోన్‌లోనే 100 కేబీ లోపుకి కుదించి, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది. ఆండ్రాయిడ్ 8 ఫోన్లలోనూ నడుస్తుంది. ఫోన్ వల్ల పర్యావరణానికి పడే భారంలో ఎక్కువ వంతు దాన్ని తయారు చేసేటప్పుడే పడుతుంది. మా యాప్ కోసం బాగున్న ఫోన్ ఎవరూ పారెయ్యనక్కర్లేదు.

కుదరనివి రెండున్నాయి. గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోతలో మాటతో లెక్క ఎక్కించడం పనిచెయ్యలేదు, మైకు బటన్ తీసేశాం. రొయ్య బరువు పెరుగుదల గ్రాఫుని టాక్‌బ్యాక్ చదవలేకపోతోంది. అవే అంకెల్ని పట్టికగా ఇవ్వాలి, అది ఈ వెర్షన్‌లో లేదు.

అప్‌డేట్ నొక్కేముందు సిగ్నల్ ఉన్నచోట పాత యాప్ తెరిచి, పైన టిక్కు పడేదాకా ఆగండి. లేదంటే పంపకుండా మిగిలిన పూటల లెక్క పోతుంది.